మోకు అవతలి కొస

ఆవిడకి పేరు ఏదో ఉండే ఉంటుంది. రంగుల పనివాళ్లలో మాత్రం ఆ పేరు గుర్తున్నవాళ్లు ఎవరూ లేరు. అందరికీ ఆవిడ పైనావిడ. ఎత్తు మేడల గోడలకు రంగు వేసేటప్పుడు ఒక మనిషి పలక మీద కూర్చుని గోడ వెంట కిందికి దిగుతూ ఉంటాడు. డాబా మీద నిలబడి ఆ పలకకు కట్టిన మోకును పట్టుకునేది ఆవిడ. "పైనున్నవాడు చూస్తాడో లేదో గానీ, పైనావిడ మాత్రం చూసుకుంటుంది" అని పనివాళ్ల మధ్య ఒక మాట ఉంది. దేవుణ్ణి తక్కువ చేసినట్టుందని ఆవిడ మొహం చిట్లించేది. అయినా ఎవరైనా కొత్తవాడికి ఆ మాట చెబుతుంటే, కాస్త ఆగి, పూర్తిగా విని మరీ కదిలేది.

చూసేవాళ్లకి అదొక పనిలాగే కనబడదు. డాబా మీద పాతిన ఇనుప స్తంభానికి మోకు నాలుగు చుట్లు తిప్పి, కొస చేతిలో పట్టుకుని నిలబడటమే. బరువు స్తంభమే మోస్తుంది. ఎప్పుడు వదలాలో ఎప్పుడు బిగించాలో చేతులకి తెలిస్తే చాలు. కాకపోతే పిట్టగోడ అవతల వేలాడేవాడు పైనున్న మనిషికి కనబడడు. అంత ఎత్తులో గాలి మాటను సగం దారిలోనే మింగేస్తుంది కాబట్టి వినబడడు కూడా. అందుకని వాడు మోకు లాగి చెబుతాడు. ఒకసారి లాగితే ఆపమని, రెండుసార్లు లాగితే దించమని. అడగనిదే దించకూడదు. అవతలివాడు ఆ క్షణాన కూర్చుని ఉన్నాడో, నిలబడి డబ్బా సర్దుకుంటున్నాడో పైనున్నవాళ్లకి తెలియదు. ఇది కాక పక్కనే ఇంకో సన్నతాడు నేల దాకా వేలాడుతూ ఉంటుంది. పలకవాడు తన నడుం పట్టీకి ఉన్న కొక్కెం దానికి తగిలించుకుని, దిగేకొద్దీ జరుపుకుంటూ పోతాడు. పలక తిరగబడ్డా మనిషి మిగలాలి కదా.

ఈ పని ఆవిడకి నేర్పింది మొగుడు. చాలా ఏళ్లు పలక మీద ఆయన, మోకు దగ్గర ఆవిడ. మొదటిరోజే ఆయన ఒక కట్టడి పెట్టాడు. పిట్టగోడ మీంచి తొంగి చూడకూడదు. చొక్కా జేబులోంచి తాళంచెవి జారినా కిందవాడి బుర్ర పగులుతుందన్నది పైకి చెప్పిన కారణం. అసలు కారణం ఆయన ఒకసారి టీ తాగుతూ చెప్పాడు. "నన్ను అలా వేలాడుతుండగా చూశావంటే నీకు భయం పుడుతుంది. నీకు భయం పుడితే మోకుకి తెలుస్తుంది. మోకుకి తెలిస్తే నాకు తెలిసిపోతుంది" అన్నాడు. ఆవిడ అన్నేళ్లలో ఒక్కసారి కూడా తొంగి చూడలేదు.

ఆ అలవాటే ఇంటికీ వచ్చింది. పొద్దస్తమానం మోకుతో మాట్లాడుకున్న మనుషులు ఇంటికొచ్చి నోరు తెరవడానికి బద్ధకించేవాళ్లు. వాళ్లతో పాటు ఆ రెండు గదుల్లోనే ఉండే మరిదికీ అదే అంటుకుంది. అతను కింద నిలబడి రంగులు కలిపేవాడు. ఆవిడ కాపురానికి వచ్చేనాటికి బడికి వెళ్లే వయసు, అందుకని ముప్పై దాటినా చిన్నోడే. ఆ ఇంట్లో నలుగురి వాటా మాటలూ ఒక్కతే మాట్లాడేది. అది చిన్నోడి కూతురు. కాలు ఒకచోట నిలవదని దాన్ని ఉడత అనేవాళ్లు. తల్లి పురిట్లోనే పోయింది. ఎవరి పిల్లవే అని వీధిలో ఎవరైనా అడిగితే, "నాన్నకి పుట్టాను, పెద్దమ్మకి పెరిగాను" అని గడగడా చెప్పేది.

అంత ఎత్తున గాలిలో బతికిన మొగుడు చివరికి మంచం మీద పోయాడు. పడుకున్నవాడు పొద్దున లేవలేదు. ఆ రోజు నుంచి పరామర్శలు మొదలయ్యాయి. నిద్రలో పోయాడంటే పుణ్యాత్ముడే అని ఒకరు, రాసిపెట్టి ఉంది మనమేం చేస్తాం అని ఇంకొకరు, గుండె రాయి చేసుకోమని మరొకరు. పరామర్శకు వచ్చేవాళ్లలో సగం మంది తమ గుండె బరువు దించుకుని పోవడానికే వస్తారు. ఆ బరువు మోయాల్సింది మళ్లీ ఏడ్చేవాళ్లే. ఆవిడ అందరికీ మంచినీళ్లు ఇచ్చి, అందరి మాటలకీ తల ఊపి, లోపల మాత్రం ఒట్టు పెట్టుకుంది. ఎవరికి ఏ కష్టం వచ్చినా తన నోటి నుంచి ఇలాంటి మాట ఒక్కటి కూడా రాకూడదు అనుకుంది. మంచి ఒట్టే. ఆ ఒట్టే తర్వాత కొంప ముంచబోయింది.

అన్న పోయాక పలక మీదికి చిన్నోడు ఎక్కాడు. పనిలో తేడా రాలేదు. మూడో ఏడు వానలకు ముందు ఉడతకి జ్వరం వచ్చింది. పిల్లలకి జ్వరాలు మామూలే. ఒక పొద్దున కాస్త తగ్గినట్టనిపించింది. చేతిలో ఉన్న గోడ వానలోపల ముగించాలి. రేపు ఆస్పత్రిలో చూపిద్దాం అని ఇంట్లో ఒక మాట అనుకుని, పిల్లని పక్కింటావిడకి అప్పగించి, ఇద్దరూ పనికి వెళ్లారు. మధ్యాహ్నం కబురు వచ్చి పరుగున వెళ్లేసరికి పిల్లకి స్పృహ లేదు. ఆస్పత్రిలో డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. సాయంత్రానికి ఉడత లేదు.

మళ్లీ అదే జనం, అవే మాటలు. ఈసారి అవి చిన్నోడి మీద పడ్డాయి. ఒకాయన అయితే, నీకింకా వయసుంది, మళ్లీ పెళ్లి చేసుకో, పిల్లలు పుడతారు అని పాడె లేవకముందే అన్నాడు. పైనావిడ ఆ మనిషిని చెయ్యి పట్టుకుని బయటికి సాగనంపింది. తను మాత్రం చిన్నోడితో ఒక్క మాట అనలేదు. ఆ మాటల వాన తనమీద ఎలా కురిసిందో తనకి తెలుసు. అతనికి కనీసం ఇంట్లోనైనా ఆ తడి తగలకూడదు అనుకుంది. వేళకి కంచం పెట్టేది, పక్క సర్దేది, దీపం తీసేది. అతను తినేవాడు, పడుకునేవాడు. ఒక్కోసారి తల ఎత్తి ఆవిడ మొహంలోకి చూసేవాడు. ఏదో అడగబోతున్నట్టు ఉండేది. ఆవిడ, పాపం, అతన్ని ఇబ్బంది పెట్టకూడదని చూపు తిప్పేసుకునేది.

పనిలో మాత్రం చిన్నోడు రాక్షసుడైపోయాడు. ఇద్దరి పని ఒక్కడే చేసేవాడు. తేరుకున్నాడని మేస్త్రి సంబరపడ్డాడు. పని బాగా చేసేవాడికి బాధ లేదనుకోవడం మేస్త్రీలందరికీ ఉన్న జబ్బే. కానీ మోకు పట్టుకున్న చేతులకి వేరే సంగతి తెలుస్తోంది. ఇదివరకు దించమని లాగే రెండు లాగుళ్లూ ఒకదాని వెంట ఒకటి వచ్చేవి. ఇప్పుడు ఒకటి లాగి, చాలాసేపటికి గుర్తొచ్చినట్టు రెండోది లాగుతున్నాడు. మధ్యలో ఆ కాసేపూ ఆవిడకి ఊపిరి ఆడేది కాదు. అడుగుదామనుకునేది. సాయంత్రానికి అడగకుండానే అన్నం వడ్డించేది.

ఆ రోజు పనికి బయల్దేరే ముందు చిన్నోడు తన దగ్గరున్న ఇంటి తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఇద్దరికీ చెరొకటి ఉండేది. నాది నా దగ్గరుందిగా అని ఆవిడ అంటే, "తెలుసు. రెండూ నీ దగ్గరే ఉండనీ వదినా" అన్నాడు. ఎందుకని అడగాల్సింది. మేస్త్రి బండి తెచ్చి హారన్ కొట్టాడు. రెండు తాళంచెవులూ చీర మీది చొక్కా జేబులో వేసుకుని ఎక్కేసింది.

కొత్తగా కట్టిన పెద్ద మేడ. ఇంకా లిఫ్టు పెట్టలేదు. మేస్త్రీ మిగతావాళ్లూ వెనక గోడకి లప్పం పెట్టి నునుపు చేస్తున్నారు. ముందు గోడకి వీళ్లిద్దరే. మధ్యాహ్నం తిండి తిన్నాక చిన్నోడు పిట్టగోడ దాటి పలక మీద కూర్చున్నాడు. రెండంతస్తులు దిగాక ఒకసారి లాగాడు. ఆవిడ ఆపింది. రోలరు గోడ మీద నడుస్తుంటే మోకులో సన్నగా వణుకు తెలుస్తుంది. ఆ వణుకు కోసం చూసింది. రాలేదు.

రంగు కలుపుకుంటున్నాడేమో అనుకుంది. చెమట తుడుచుకుంటున్నాడేమో అనుకుంది. మనసు ఎన్ని సాకులు చెప్పినా చేతులు ఒప్పుకోలేదు. మోకు కొస ఒక చేత్తో బిగించి పట్టుకుని, రెండో చెయ్యి చాపి సన్నతాడు పట్టుకుంది. మనిషి తగిలించుకుని ఉన్నంతసేపూ ఆ తాడు అతను ఊపిరి పీల్చినా కదులుతుంది. ఇప్పుడది ఎవరికీ చెందనట్టు ఊరికే వేలాడుతోంది. చిన్నోడు కొక్కెం తీసేశాడు.

పొద్దున్నే చేతిలో పెట్టిన తాళంచెవి ఎందుకో అప్పుడు అర్థమైంది. అతని బరువు ఇంకా మోకు మీదే ఉంది. ఉంది అన్నది ఒక్కటే ధైర్యం. దించేద్దామంటే, అతను ఎలా ఉన్నాడో తెలియదు. నిలబడి ఉంటే మోకు జానెడు జారినా చాలు. మేస్త్రిని కేకేయొచ్చు. కేకేస్తే పదిమంది పోగై, కింద నుంచి తలో సలహా అరుస్తారు. ఆ అరుపులకి ఉలిక్కిపడినా చాలు. ఏం చేసినా ఆ ఒక్కటీ చాలు అన్నట్టే ఉంది.

మోకును స్తంభానికి ముడి వేసింది. ఆ ముడి మీద ఇంకో ముడి వేసింది. జేబులోవన్నీ తీసి నేల మీద పెట్టింది. అంత గాభరాలోనూ చేతులు వాటి అలవాటు అవి తప్పలేదు. పిట్టగోడ దగ్గరికి వెళ్లి, దాని మీద రొమ్ము ఆనించి, మొదటిసారి కిందికి చూసింది.

చిన్నోడు గోడకి వీపు పెట్టి, బయటికి తిరిగి, పలక చివర కూర్చుని ఉన్నాడు. కాళ్లు గాలిలో ఉన్నాయి. చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి. దేన్నీ పట్టుకోలేదు. అతని కాళ్ల కింద ఇంకేమీ లేదు, ఎక్కడో ఇసుక కుప్పా సిమెంటు బస్తాలూ తప్ప. మొగుడు ఎందుకు వద్దన్నాడో ఆవిడకి అప్పుడు తెలిసింది.

గాలి పడిపోయి ఉంది కాబట్టి మాట అందుతుంది. "చిన్నోడా" అంది. ఆ మాట ఆవిడకే సరిగా వినబడలేదు. మళ్లీ పిలిచింది. అతను తల ఎత్తాడు. మొహంలో కోపం లేదు, ఏడుపు లేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

"లోపలికి పో వదినా. తొంగి చూడొద్దని అన్నయ్య చెప్పలేదా?"

చెప్పాడంది. విచిత్రం ఏమిటంటే, ఇన్నేళ్లూ తను అసహ్యించుకున్న మాటలే నాలుక మీదికి వరుసకట్టాయి. రాసిపెట్టి ఉందిరా. గుండె రాయి చేసుకోరా. కాలమే మాన్పుతుందిరా. వాటిని గుటక మింగింది. మిగిలింది పని మాట ఒక్కటే.

"కొక్కెం ఎందుకు తీశావు?"

"బరువుగా ఉంది" అన్నాడు.

కొక్కెం బరువు ఎంతో ఇద్దరికీ తెలుసు. పలక అతని బరువుకి ఒకవైపు ఒరిగి, మెల్లగా అటూ ఇటూ తిరుగుతోంది. తిరిగినప్పుడల్లా ఆవిడ పిట్టగోడ అంచును గోళ్లతో పట్టుకుంటోంది.

"నన్ను ఒక్క మాటైనా తిట్టలేదు నువ్వు" అన్నాడు చిన్నోడు చివరికి. పైకి చూడకుండా, ఎదురుగా ఉన్న ఖాళీతో చెబుతున్నట్టు అన్నాడు. "రోజూ చూశాను, ఇవాళ తిడతావేమో అని. కంచం విసిరికొట్టినా బాగుండేది. అంత మౌనంగా అన్నం పెడుతుంటే, ముద్ద దిగేది కాదు వదినా. దాన్ని పెంచింది నువ్వు. రేపు చూపిద్దాం అన్నది నేను. నీకు గుర్తుంది. నాకు తెలుసు."

ఉడత పోయినప్పటి నుంచి ఆవిడ నిద్రపోనిది ఆ మాటకే. పొయ్యి దగ్గర నిలబడి, పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి, కాస్త తగ్గిందిలే, రేపు చూపిద్దాం అన్నది తను. చిన్నోడు కళ్లెత్తి చూసినప్పుడల్లా, నా బిడ్డని పొట్టన పెట్టుకున్నావు కదా అని అడుగుతున్నాడనే ఆవిడ చూపు తిప్పుకున్నది. అతన్ని ఇబ్బంది పెట్టకూడదన్నది సగం నిజం. మిగతా సగం ఇది.

"నువ్వనలేదు. నేనన్నాను."

"నన్ను కాపాడటానికి అబద్ధం ఆడకు."

"అబద్ధమేంట్రా, పొయ్యి దగ్గర నిలబడి అన్నాను. దాని నుదురు పట్టుకుని చూసి మరీ అన్నాను."

అతను మొదటిసారి పూర్తిగా తల పైకెత్తాడు. కాదన్నాడు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ తనే అన్నానన్నాడు, ఉడత పక్క మీంచి చెయ్యి ఊపిందన్నాడు. చెయ్యి ఊపింది తనకి అని ఆవిడ. నువ్వు అప్పటికే వీధిలోకి వెళ్లిపోయావు అని అతను. నీకు ఆ రోజు బుర్ర పనిచేయలేదు, నోరు మూసుకో అని ఆవిడ. ఇన్నాళ్లూ మాట కరువైన ఇల్లు అది. ఆ ఇంటి మనుషులిద్దరూ అంత ఎత్తున, ఒకరు గోడ పైనా ఒకరు గోడ మధ్యలోనూ ఉండి, తప్పు నాదంటే నాదని గొంతు చించుకుని పోట్లాడుకున్నారు. ఆస్తి కోసం కొట్టుకునేవాళ్లని చూశాం గానీ, ఇలాంటి వాటా కోసం కొట్టుకున్నవాళ్లని చూడలేదు. ఎవరూ అంగుళం వదల్లేదు. వదిలితే ఆ రోజుకి, ఆ పొద్దుటికి, ఆ పిల్లకి తమకి ఏ సంబంధమూ లేకుండా పోతుందన్నట్టు పట్టుకున్నారు.

"ఆ మాట నాది. నువ్వెవరు తీసుకోవడానికి?" అంటూ చిన్నోడు లేచి నిలబడ్డాడు.

పలక ఒక్కసారి పక్కకి ఒరిగింది. రంగు డబ్బా జారి, గోడకి ఒకసారి తగిలి, కిందికి పోయింది. అది నేలకి తగిలిన చప్పుడు రావడానికి చాలాసేపు పట్టినట్టనిపించింది. చిన్నోడు ఒక చేత్తో మోకు పట్టుకుని ఊగుతున్నాడు. పట్టుకున్నాడు. అంటే ఇంకా పట్టుకోవాలని ఉంది.

ఆవిడ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో ఆవిడకే తెలియదు. అన్నేళ్లు మొగుణ్ణి గదమాయించిన గొంతుతోనే అంది. "ముందు కొక్కెం తగిలించు. తగిలించుకుని పోట్లాడు."

అతను ఆలోచించలేదు. ఆలోచిస్తే చేసేవాడు కాదేమో. కోపంతో ఊగిపోతూనే, ఆవిడ మొహంలోకి గుడ్లురిమి చూస్తూనే, ఖాళీ చెయ్యి నడుం దగ్గరికి వెళ్లి, కొక్కెం అందుకుని, సన్నతాడుకి తగిలించింది. టక్కున చప్పుడైంది. ఆ చప్పుడు విన్నాక తను ఏం చేశాడో అతనికి తెలిసింది. చేతి వైపు చూసుకున్నాడు. ఆవిడ పిట్టగోడ మీద తల వాల్చేసింది.

పోట్లాట ఇక్కణ్ణుంచి కుదరదనీ, కిందికి దిగి మెట్లెక్కి వస్తే ఎదురెదురుగా తేల్చుకుందామనీ చెప్పింది. ఆవిడ వెనక్కి వచ్చి ముళ్లు విప్పి, మోకు చేతుల్లోకి తీసుకుంది. ఇక మళ్లీ ఏమీ కనబడదు. అతను అడగాలి, ఆవిడ దించాలి. అడక్కపోతే ఏం చేయాలో ఆవిడ దగ్గర ఇంకో మాట లేదు. చేతుల్లో చెమటకి మోకు తడిసింది. సన్నతాడును మోచేతికి ఆనించుకుని అది కదులుతోందో లేదో చూస్తూ నిలబడింది.

ఒక లాగుడు వచ్చింది. చాలాసేపటికి రెండోది వచ్చింది.

దించింది. జీవితంలో అంత నెమ్మదిగా ఎవరినీ దించలేదు. చివరికి మోకు మీది బరువు ఒక్కసారిగా పోయింది. నేల తగలగానే పలక దిగుతాడు, బరువు పోతుంది, రోజూ జరిగేదే. కానీ నేల ఇంకా అందలేదేమో, ఆ కాస్త దూరంలో మళ్లీ కొక్కెం తీశాడేమో అన్న అనుమానం ఆవిడని తినేసింది. చెవులు రిక్కించింది. ఎవరూ అరవలేదు. ఎవరూ పరుగెత్తలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడేదాకా ఆవిడ ఆ ఖాళీ మోకును వదల్లేదు.

చిన్నోడు రొప్పుతూ పైకి వచ్చి, నీళ్ల తొట్టి నీడలో కూలబడ్డాడు. ఆవిడ పక్కన కూర్చుంది. తేల్చుకుందామన్న పోట్లాట ఎవరూ మొదలుపెట్టలేదు. అతను, నాకు బతకాలని లేదు వదినా అన్నాడు. ఆ మాట బయటికి రావడం మంచిదే అనిపించింది ఆవిడకి. లోపల ఉంచుకుని గోడ దిగడం కంటే నయం.

"మీ అన్నయ్య పోయాక పనికి వచ్చిన మొదటిరోజు, నిన్ను సగం దాకా దించి, మోకు ముడివేసి, నేను పిట్టగోడ దాకా వెళ్లాను. తొంగి చూడటానికి కాదు" అంది. అతను ఆవిడ వైపు తిరిగాడు. "పిట్టగోడ మీద మోకు రెండుసార్లు అదిరింది, నువ్వు లాగావు. దించాలి కదా. వెనక్కి వచ్చాను."

"అంతేనా?"

"అంతే. మర్నాడూ అంతే. నువ్వు లాగుతుంటావు, నేను దించుతుంటాను. అంతకంటే పెద్ద కారణం నాకు ఇప్పటిదాకా దొరకలేదురా. వెతకడం కూడా మానేశాను."

ఆ పొద్దుటి మాట ఎవరిదో ఇక తనకీ తెలియడం లేదనీ, చెరి సగం ఉంచుకుందామనీ ఆవిడ చెప్పింది. ఉడతని మర్చిపోవాలా అని అడిగాడు. ఎవరు మర్చిపోమన్నారని కసిరింది. తర్వాత లేచి, అతని నడుముకున్న పట్టీ విప్పమంది. ఎందుకన్నాడు. గోడ సగంలో ఆగింది, నేను దిగుతాను, నువ్వు మోకు పట్టుకో అంది.

చిన్నోడి మొహం పాలిపోయింది. రెండు చేతులూ చాపి చూపించాడు. "ఈ చేతులతోనా? పొద్దున్నించి నేనేం చేద్దామనుకున్నానో తెలిసి కూడానా?"

"తెలిసే."

నిజం చెప్పాలంటే ఆవిడకి ఆ ధైర్యం అంత గట్టిగా ఏమీ లేదు. చావాలనుకున్నవాడి చేతిలో ప్రాణం పెట్టడం తెలివైన పనని ఎవరూ అనరు, ఆవిడా అనుకోలేదు. కానీ తనని నిలబెట్టింది ఏదో అదొక్కటే ఆవిడ దగ్గర ఉంది. అతనికి ఇవ్వడానికి ఇంకేమీ లేదు. ఇద్దరూ కలిసి ఖాళీ పలకను పైకి లాగారు. ఆవిడ పట్టీ కట్టుకుని, కొక్కెం తగిలించుకుని, ఇంకో రంగు డబ్బా పెట్టుకుని, పిట్టగోడ మీదికి ఎక్కింది. అతను స్తంభం దగ్గర మోకు కొస పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ వెనక్కి తిరిగి చూడకుండా పలక మీదికి జారింది.

అన్నేళ్లు పట్టుకున్న మోకుకి అవతలి కొసన ఏముంటుందో అప్పుడు చూసింది. ఏమీ ఉండదు. ఒక గోడ, ఒక పలక, కనబడని మనిషి. సన్నటి గాలి కాళ్ల కింద నుంచి వస్తోంది. మొగుడు ఇన్నేళ్లు ఇలా కూర్చుని ఈల వేసేవాడా అనుకుంటే దుఃఖం ముంచుకొచ్చింది. మోకు పట్టుకుని రెండుసార్లు లాగింది.

పలక కదల్లేదు. ఆవిడ కళ్లు మూసుకుంది. పైనుంచి ఏ అలికిడీ లేదు. అతను మోకు దగ్గర ఉన్నాడో, డాబా అవతలి పిట్టగోడ వైపుకి నడిచాడో తెలియదు. పిలవాలనిపించింది. పిలిస్తే నమ్మలేదని తెలిసిపోతుంది. పెదవి కొరుక్కుని కూర్చుంది.

జానెడు దిగింది. ఆగింది. మళ్లీ జానెడు దిగింది.

అప్పుడు వినబడింది. పైన చిన్నోడు ఏడుస్తున్నాడు. పాడె మోసినప్పుడు కూడా ఏడవని మనిషి. గొంతు పగిలేలా, కూతుర్ని పిలుస్తూ, వీధి వీధంతా వినేలా ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే దించుతున్నాడు. పలక ఎక్కడా కుదుపు లేకుండా, ఒరగకుండా దిగుతోంది. ఆవిడ ఒక చేత్తో కొక్కెం జరుపుకుంటూ, రెండో చేత్తో కళ్లు తుడుచుకుంటూ కూర్చుంది. రంగు వేయాల్సిన చోటు ఎదురుగా వచ్చింది, పైకి వెళ్లిపోయింది. ఒకసారి లాగితే అతను మోకునీ ఆపేస్తాడు, ఏడుపునీ ఆపేస్తాడు. ఆవిడ లాగలేదు.